'ఆయ్' అంటే ఒప్పుకోలు కాదు

బహుళ తదియ

గొంతుకి తోడు కూర్చునే మనిషి రోజూ దినచర్య రాయాలని చట్టం. మా మెరకలంకలో తారీకులు ఎవరూ చూడరు. సముద్రపు పోటూ పాటూ తిథిని బట్టి వస్తాయి కనుక తిథులే రాస్తాను. పై ఊళ్ళవాళ్ళకి అర్థం కాకపోతే పంచాంగం కొనుక్కోవచ్చు.

పొద్దున్నే మావయ్య పెట్టె మీద పేరుకున్న ఉప్పు గీకి, కొబ్బరినూనె గుడ్డతో తుడిచాను. మేడ మీద గాలిమర తిరగడం లేదు. గాలి లేని రోజున ఇంటికి ఒక్క దీపానికి సరిపడా కరెంటు ఇస్తారు. ఆ కాస్తా మావయ్యకి పట్టించి, చీకటి వంటింట్లో తడుముకుంటూ చద్దన్నం తిన్నాను. ఆవకాయ అనుకుని వేసుకున్నది తీరా నోట్లో పెట్టుకుంటే మాగాయ.

"కాఫీ తాగేవా అమ్మాయ్?" అన్నాడు లేవగానే. బతికుండగా కూడా పొద్దున్నే ఆయన మొదటి మాట ఇదే. కాఫీ గింజ ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను. తాగేను మావయ్యా అన్నాను, రోజూ అన్నట్టే.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు, మట్టపర్తి నూకరాజు. పోయి చాలా ఏళ్ళయింది. గట్లూ గాలిమరలూ తాగేనీళ్ళ కోసం సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసే యంత్రాలూ కట్టించేటప్పుడు ఊరి తరఫున బేరం మాట్లాడేది ఆయనే. నాకు బేరం నేర్పిందీ ఆయనే. ఆయన మాట్లాడిన ప్రతి బేరాన్నీ యంత్రం విని దాచుకుంది. దాచుకున్నదంతా కలిపి గొంతు చేసి ఈ పెట్టెలో పెట్టారు. ఇప్పుడు పెద్ద ఒప్పందాలన్నీ ఇలాంటి గొంతులే మాట్లాడుకుంటాయి. బతికున్నవాడు లంచం తింటాడు, చచ్చినవాడు తినడు కదా అని పెద్దలు కనిపెట్టిన ఉపాయం ఇది. తిండి మానిపిస్తే తప్పు చేయడం కూడా మానేస్తాడనుకున్నారు.

పీఠభూమి కట్టుబడి సంస్థతో ఎల్లుండి నుంచి బేరం. రెండో పోటుగట్టుకి. సముద్రం లోపలికొచ్చేటప్పుడూ వెనక్కి పోయేటప్పుడూ చక్రాలు తిప్పి కరెంటు తీసే గట్టు అది. మొదటి గట్టు సగంలో కూలిపోయింది. దాని పునాదికని సముద్రం అడుగున తీసిన గోతిలో మనుషులు పోయారు, వాళ్ళతో మావయ్యా పోయాడు. మా ఊరివాళ్ళు దాన్ని మొండిగట్టు అంటారు. నీళ్ళు తగ్గినప్పుడల్లా అది బయటపడుతుంది. నేను మేడ ఎక్కినప్పుడు అటు చూడను.

బహుళ పంచమి

బేరం ఏ ఊరి నేల మీదా జరగకూడదు కనుక, నడినీళ్ళలో లంగరు వేసిన పంటు మీద బల్ల వేశారు. బల్లకి ఇటు మావయ్య పెట్టె, నేను. అటు వాళ్ళ నర్సింగం గారి గొంతు, దాని తోడు మనిషి ఓదెలు గారు. మధ్యలో సాక్షి. సాక్షి అంటే ఓ చిన్న దీపం. ఎవరు దేనికి ఒప్పుకున్నా పచ్చగా వెలుగుతుంది. అమావాస్యకి ముద్ర పడేలోగా వెలిగినవన్నీ ఒప్పందంలోకి ఎక్కుతాయి.

ఓదెలు గారు మంచిమనిషిలాగే ఉన్నారు. నర్సింగం గారు బతికుండగా ఆయన కింద పనిచేశారట. "నిద్రల గూడ ఈ సార్ గొంతే ఇనవడ్తది," అన్నారు. నాకూ అంతేనండి అన్నాను.

బేరంలో రెండు దారులున్నాయి. ఒకటి ఒకే ధర. ఇంతకి గట్టు కట్టి అప్పగించాలి, మధ్యలో ఏం వచ్చిపడినా కట్టేవాడి నెత్తినే, అందుకని ధరలో ముందే కాస్త కలుపుకుంటాడు. రెండోది ఖర్చుకి ఖర్చు. అయినంతా మేం ఇచ్చుకోవాలి, ఆ పైన వాళ్ళ కూలి. ఊళ్ళో అందరికీ ఒకే ధర కావాలి. ప్రెసిడెంటుగారు నన్ను పంటు ఎక్కిస్తూ మరీ చెప్పారు, తెలియని ఖర్చు ఊరి మీద పెట్టకు తాయారూ అని.

కానీ సముద్రం అడుగున ఏముందో ఎవరికీ తెలియదు. మునిగిపోయిన మా ఊళ్ళున్నాయి, వాటి కింద పాత గ్యాసు గొట్టాలున్నాయి, బురద ఉంది. మావయ్యే ఒకప్పుడు నాకు చెప్పాడు: తెలియనిదాన్ని తీసుకెళ్ళి కట్టేవాడి నెత్తిన పెట్టకూడదు, పెడితే వాడు దాన్ని చూసి కూడా చూడనట్టే ఉంటాడు. ఆగితే వాడి డబ్బు పోతుంది కనుక ఆగడు. ఆగకపోతే పోయేది కింద గోతిలో ఉన్న మనిషి.

అంత తెలిసినవాడు మొదటి గట్టుకి అడుగున ఉన్నదంతా వాళ్ళ నెత్తిన పెట్టి ఒకే ధరకి ఎలా ఒప్పుకున్నాడని ఊరు ఇప్పటికీ అడుగుతుంది. డబ్బు తిన్నాడని కొందరు అన్నారు. అమ్మ బతికినన్నాళ్ళూ ఈ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం వరాలు వచ్చి, గోతిలో దిగేవాళ్ళలో తన పేరు ఖాయమైందని చెప్పింది. వరాలు నా కూతురు. గోతిలోకి నీళ్ళు తోసుకొచ్చినా ఊపిరి బిగబట్టి బయటపడటంలో మా ఊళ్ళో దాన్ని మించినవాళ్ళు లేరు. నేను చేపలపులుసు కలుపుతున్నదాన్ని, గరిటె చేతిలోనే ఉండిపోయింది.

బహుళ సప్తమి

ఇవాళ జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

నర్సింగం గారి గొంతు అడుగునేల షరతు చదవడం మొదలుపెట్టింది. గట్టు కింద ఏమున్నా, అది ముందుగా తెలిసినా తెలియకపోయినా, దానివల్ల అయ్యే ఖర్చూ ఆలస్యమూ కట్టేవాళ్ళవే, ధర మారదు, గడువు మారదు. నిదానంగా, స్పష్టంగా, స్కూలు మేష్టారిలా చదివింది. ప్రతి వాక్యం చివర మావయ్య, "ఆయ్," అన్నాడు.

మా వైపు అందరం అంతే. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఆయ్ అంటూ ఉండాలి, లేకపోతే పొగరనుకుంటారు. అడిగినదానికి ఆయ్ అంటే అవునని. చెప్పేటప్పుడు ఆయ్ అంటే వింటున్నాం, కానివ్వండి అని. ఈ తేడా మాకు ఉగ్గుపాలతోనే వస్తుంది.

నేనూ మామూలుగానే వింటున్నాను. ఆయ్. ఆయ్. ఆయ్. ఎందుకో తలెత్తి చూశాను. సాక్షి పచ్చగా వెలుగుతోంది. ఆరింది. ఆయ్. మళ్ళీ వెలిగింది.

ఆగమని చెయ్యెత్తాను. తోడు మనిషికి బల్ల దగ్గర మాట్లాడే హక్కు లేదని సాక్షి గంట కొట్టింది.

పంటు దిగాక ఓదెలు గారిని పట్టుకుని అడిగాను. ఆయన పాపం కంగారుపడ్డారు. "సాక్షిని జేసినోళ్ళు మా దిక్కోళ్ళు అక్కా. ఆయ్ అంటె అవుననే గదా అనుకున్నరు. నేను గూడ గట్లనే అనుకున్న ఇన్నొద్దులు," అన్నారు. మొదటి గట్టు బేరంలో కూడా ఇదే సాక్షి ఉందా అని అడిగాను. ఇదే అన్నారు.

ఇంటికొచ్చి పెట్టె ముందు కూర్చున్నాను. పెట్టె తెరవడానికి ధైర్యం చాలలేదు. ఇన్నేళ్ళూ ఊరితో పాటు నేనూ ఆయన్ని అనుమానించాను.

బహుళ అష్టమి

ఇవాళ పోటూ లేదు, పాటూ లేదు, నీళ్ళు చచ్చినట్టు పడున్నాయి. గాలి మాత్రం బాగా వీచింది కనుక మావయ్యకి నిండా కరెంటు పట్టింది.

ముందు నెమ్మదిగా చెప్పి చూశాను. మావయ్యా, బల్ల దగ్గర ఆయ్ అనకు, అంటే ఒప్పుకున్నట్టు లెక్కేస్తున్నారు. "ఆయ్," అన్నాడు. అదే వద్దంటున్నాను అన్నాను. "ఇంకననులే అమ్మాయ్. నువ్వు చెప్పేక అంటానా?" అన్నాడు. సరే, పరీక్షగా ఓ షరతు చదివాను. మొదటి వాక్యం ఓర్చుకున్నాడు. రెండోదానికి, "ఆయ్."

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ మాట యంత్రం దాచుకున్న ప్రతి బేరంలోనూ ఉంది. అది తీసేస్తే గొంతులో గొంతే మిగలదు.

అప్పుడడిగాను. మొదటి గట్టు బేరంలో దీపం వెలగడం చూశావా మావయ్యా అని.

పెట్టె లోపల గరగరమంది.

"చూసేనమ్మా."

"చూసి ఊరుకున్నావా?"

"అంతమంది పెద్దమనుషులు. ఆ చదివేవాడు పాపం గుక్క తిప్పుకోకుండా చదువుతున్నాడు. మధ్యలో ఆపి, బాబూ నేను ఒప్పుకోలేదు, ఊరికే వింటున్నాను అని ఎలా అంటాను చెప్పు? అప్పటికే భోజనాలు వడ్డించేసేరు. పనసపొట్టు కూర కూడా చేయించేరు మనకోసం. తిన్నాక చెబుదాంలే అనుకున్నాను."

"తిన్నాక?"

"తిన్నాక ముద్ర పడిపోయింది."

మొహమాటం. డబ్బు కాదు, భయం కాదు. వడ్డించిన విస్తరి ముందు కాదనలేకపోయాడు. కూలిన రోజున గోతిలో మట్టి మెత్తబడిందని తెలిసి ఆయన దిగాడు. పైకి రమ్మని పిలవడానికి దిగాడని కొందరంటారు, మొహం చెల్లక దిగాడని కొందరంటారు. ఆ సంగతి గొంతుని అడిగి లాభం లేదు. గొంతులో బేరాలే ఉన్నాయి, చావు లేదు.

బహుళ ఏకాదశి

ప్రెసిడెంటుగారింటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన విన్నారు, విన్నంతసేపూ ఆయ్ ఆయ్ అన్నారు. చివరికి, ఒకే ధర మనకి లాభమే కదా తాయారూ, కలిసొచ్చేదాన్ని కాలదన్నుకుంటామా అన్నారు. గట్టు కరెంటు లేకపోతే ఉప్పు తీసే యంత్రం ఇంకో వేసవి నడవదు, తాగడానికి నీళ్ళుండవు, అదీ నిజమే. కానీ ఆ యంత్రం దగ్గర ప్రెసిడెంటుగారి పిల్లలు లైన్లో నిలబడతారు, గోతిలో దిగేది మాత్రం నా పిల్ల. ఈ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. నేనూ ఆ మేనమామకి మేనకోడలినే.

ఒక దారి ఉంది. గొంతు తనంతట తాను బల్ల నుంచి తప్పుకుంటే, అంతవరకు ముద్ర పడని ఒప్పుకోళ్ళన్నీ రద్దవుతాయి. దాని బదులు తోడు మనిషే కూర్చుని మాట్లాడవచ్చు. కాకపోతే తప్పుకున్న గొంతుని ఉంచరు, చెరిపేస్తారు.

ఈ సంగతి వరాలుకి చెప్పాను. అది తడిజుట్టు ఆరబెట్టుకుంటూ విన్నది.

"గొంతే కదే అమ్మా. మనిషి ఎప్పుడో పోయేడు."

"నాకు మనిషేనే. రోజూ కాఫీ తాగేవా అని అడుగుతాడు."

"మరి నేనో?" అంది వరాలు.

కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. తను దిగడం మానేస్తే ఇంకొకరి కూతురు దిగుతుంది, ఆ పిల్ల ఇంట్లోనూ ఒకమ్మ ఉంటుంది అని కూడా చెప్పింది.

బహుళ త్రయోదశి

పొద్దున పెట్టె తుడిచాను. కాఫీ తాగేవా అంటే తాగేను అన్నాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను.

పంటు మీద ఓదెలు గారు నా మొహం చూసి ఏమీ అడగలేదు. తప్పుకోలు మాట తోడు మనిషి చదవాలి, గొంతు ఒప్పుకోవాలి, సాక్షి వెలగాలి. మావయ్య దేనికి ఒప్పుకోవాలో ఆయనకి విడమర్చి చెప్పి, ఆలోచించుకోనిచ్చి, అప్పుడడగడం న్యాయం. నేను ఆ న్యాయం చెయ్యలేదు. అడగలేదు. చదివాను, అంతే. చదివితే ఆయన ఏమంటాడో నాకు తెలుసు.

"మట్టపర్తి నూకరాజు గొంతు ఈ బల్ల నుంచి తనంతట తాను తప్పుకుంటోంది."

"ఆయ్."

వెలిగింది.

"ఇంతవరకు ముద్ర పడని ఒప్పుకోళ్ళేవీ ఇక చెల్లవు."

"ఆయ్."

వెలిగింది. ఓదెలు గారు తల తిప్పుకుని నీళ్ళకేసి చూస్తున్నారు. మూడో వాక్యం చదివాను. ఈ గొంతును చెరిపివేయవచ్చు, ఇక ఎన్నటికీ లేపరాదు.

మావయ్య మాట్లాడలేదు. పెట్టెలో గరగర. మనసులో కాదను మావయ్యా అని ఒక పక్క, అనకు అని ఇంకో పక్క.

"భోజనాలు వడ్డించేసేరా అమ్మాయ్?" అన్నాడు.

"ఇంకా లేదు మావయ్యా."

"అయితే కానియ్యి," అన్నాడు. కాస్త ఆగి, "ఆయ్," అన్నాడు.

సాక్షి వెలిగింది. ఈసారి ఆరలేదు. పెట్టెలో గరగర ఆగిపోయింది.

ఆ చివరి ఆయ్ వింటున్నాననా, సరేననా? పుట్టుకతో తెలుస్తుందని గొప్పగా రాశాను ఆవేళ. నాకు తెలియలేదు.

అమావాస్య

ఇవాళ పెద్ద పోటు. పంటు ఊగుతూనే ఉంది.

ఆకలి లేనివాడితో బేరం ఆడటం కష్టం. నర్సింగం గారికి అలుపు లేదు, దాహం లేదు, ఇంటికి వెళ్ళాలని లేదు. అందుకని నేను ముందే తినేసి వెళ్ళాను. మధ్యాహ్నం ఓదెలు గారి మనుషులు అరిటాకులు వేస్తుంటే, నాకొద్దు, బేరం అయ్యేదాకా ఎవరికీ వడ్డించకండి అన్నాను. అందరూ నన్ను రాక్షసిని చూసినట్టు చూశారు.

మొదటి షరతు, మా ఊరివాళ్ళ ఆయ్‌ని ఒప్పుకోలుగా లెక్కెయ్యకూడదు. ఒప్పుకుంటే ఒప్పుకున్నామని అంటాం. ఓదెలు గారు నర్సింగం గారి పెట్టెని బల్ల దగ్గర్నుంచి పక్కకి తీసుకెళ్ళి, ఆయ్ సంగతి తన భాషలో చెప్పారు. చాలాసేపు పట్టింది కానీ వెలిగింది.

తర్వాత అడుగునేల. నర్సింగం గారు మళ్ళీ అదే చదివారు. చదవడం అయ్యేవరకు నోరు బిగించుకుని కూర్చున్నాను. చివర ఆయన, సమ్మతమేనా అని అడిగారు. మా వైపు చూద్దావండి అంటారు, కనుక్కుని చెబుతావండి అంటారు, మీరెలా అంటే అలాగేనండి అంటారు. మొహం మీద కాదనడం మాకు రాదు.

"ఒప్పుకోను," అన్నాను.

ఆ మాట అన్నాక ఏమీ జరగలేదు. ఆకాశం అక్కడే ఉంది. ఇంత చిన్న మాటేనా అని నాకు ఒళ్ళు మండిపోయింది, మావయ్య మీద, నా మీద.

అప్పుడు నా పద్ధతి చెప్పాను. గట్టు సంగతి తర్వాత. ముందు అడుగు వెతకడానికే ఒక చిన్న ఒప్పందం, అది ఖర్చుకి ఖర్చు, ఊరు భరిస్తుంది. కింద ఏముందో ఇద్దరం చూశాక, కనపడినదాన్ని బట్టి గట్టుకి ఒకే ధర. ఇంకోటి, గోతిలో ఉన్నవాళ్ళలో ఎవరు ఆపు అన్నా పని ఆగాలి. ఆగిన రోజుల నష్టం మాది, కట్టేవాళ్ళది కాదు.

మీ దిగేవాళ్ళు రోజూ ఆపు అని కూర్చుంటే మీరు మునిగిపోతారు అంది నర్సింగం గారి గొంతు. మునగడం మాకు కొత్త కాదండి అన్నాను. ఓదెలు గారికి నవ్వొచ్చి దగ్గినట్టు నటించారు.

దానికి బదులుగా గట్టు కరెంటులో కొంత వాళ్ళకి చాలా ఏళ్ళు వదిలెయ్యవలసి వచ్చింది. ప్రెసిడెంటుగారు ఇక నాతో మాట్లాడరు. ముద్ర పడింది. అప్పుడు వడ్డించమన్నాను. అన్నం సహించలేదు.

పౌర్ణమి

మధ్యలో చాలా తిథులు రాయలేదు. గొంతు లేనప్పుడు తోడు మనిషి దినచర్య ఎందుకు అనుకున్నాను. ఇవాళ రాయాలనిపించింది.

అడుగు వెతికే పని నిన్న మొదలైంది. మొండిగట్టుకి అవతల చుట్టూ అడ్డుకట్ట వేసి, నీళ్ళు తోడేసి గోయి తీస్తున్నారు. వరాలు దిగింది. నేను పంటు మీద, సాక్షి ఇంకా ఉన్న ఆ బల్ల దగ్గరే తీగ పట్టుకుని కూర్చున్నాను. తీగలోంచి దాని మాట వస్తుంది, నా మాట వెళ్తుంది. పొద్దున పెట్టె ఉప్పు గీకాను, నూనె గుడ్డ పెట్టాను. లోపల ఏమీ లేదని తెలుసు. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు తాగేను అని కూడా అన్నాను, ఎవరూ అడగకుండానే.

ఎండ నడినెత్తికి వస్తుండగా తీగలో వరాలు గొంతు మారింది.

"అమ్మా, ఇక్కడ కాలు దిగిపోతోంది. కర్ర గుచ్చితే అడ్డం లేకుండా పోయింది. పక్కన ఏదో గోడ ఉంది, ఇల్లో గుడో తెలీట్లేదు. గోడ కింద అంతా బురదే. ఆపు అన్నాను."

పైన యంత్రం ఆగింది. నిజంగా ఆగింది. ఓదెలు గారు చెయ్యెత్తి నిలబడ్డారు, ఒక్కరూ ఎందుకని అడగలేదు. తాడునిచ్చెన మీద మనుషులు పైకి రావడం కనపడింది. ముందు ఒకళ్ళు, తర్వాత ఇంకొకళ్ళు. నిచ్చెన అడుగున నిలబడి వరాలు అందర్నీ ముందు పంపిస్తోంది. ఎవరెవరు ఎక్కారో, మట్టి ఎంత జారిందో, తను ఎక్కడుందో ఒక్కొక్కటే చెబుతోంది. నేను వింటున్నాను.

"ఆయ్," అన్నాను. "ఆయ్."

అది నా మాటలా లేదు. అదే సాగదీత, అదే కాస్త ముక్కులోంచి. గబుక్కున బల్లకేసి చూశాను. సాక్షి వెలగలేదు.

మొదటి గట్టు బేరం రోజున కూడా ఈ దీపం ఇలాగే ఊరుకుని ఉంటే మావయ్య భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, తీరిగ్గా కాదని వచ్చేవాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"అమ్మా, వింటున్నావా?" అంది వరాలు.

"వింటున్నానే. నువ్వు ఎక్కుతూ చెప్పు."